నక్షత్రవీథుల పరిణామం

ఉద్దేశం

మార్పు ఎరుగనిదిగా కనిపించే పాలపుంతకు కూడా పుట్టుక, పెరుగుదల, క్షీణత ఉన్నాయని శాస్త్రజ్ఞులు ఏ విధంగా గ్రహించారో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. శాస్త్రవిషయాన్ని తేట తెలుగులో చెప్పే వ్యాసరచనా విధానాన్ని కూడా విద్యార్థులు ఇందులో గమనించవచ్చు.

పాఠ్యభాగం

గోదావరి జిల్లాలలో పొలాల నడుమ సాగే బండ్ల బాటను పుంత అంటారు. చంద్రుడు లేని రాత్రి, దీపాల వెలుతురు సోకని పల్లెలో, ఆరుబయట మంచం వాల్చుకొని పడుకొన్నవారికి ఆకాశంలో ఈ కొస నుంచి ఆ కొసకు పాలు ఒలికినట్లు తెల్లని చార ఒకటి కనిపిస్తుంది. దానికి మన పూర్వులు పెట్టిన పేరు పాలపుంత. సంస్కృతంలో దానిని ఆకాశగంగ అనీ, మందాకిని అనీ అన్నారు. విచిత్రమేమిటంటే, ‘గెలాక్సీ’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా పాలు అనే అర్థం. ఒకరినొకరు ఎరుగని జాతులు ఒకే దృశ్యాన్ని చూచి ఒకే పోలికను తలచుకొన్నాయి.

ఆ చార పాలూ కాదు, నీరూ కాదు, నక్షత్రాల సమూహమని 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో చూచి చెప్పారు. ఈనాటి లెక్కల ప్రకారం అందులో పదివేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాకా నక్షత్రాలు ఉన్నాయి. అవన్నీ పలుచని పళ్లెం ఆకారంలో పరచుకొని, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ పళ్లెం వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. మన సూర్యుడు కేంద్రం నుంచి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, ఒక ప్రదక్షిణకు దాదాపు 23 కోట్ల సంవత్సరాలు తీసుకొంటాడు.

ఈ అంకెను ఒక్క క్షణం మనసులో నిలుపుకోవాలి. నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతాన్ని ఆంధ్రీకరించిన నాటి నుంచి నేటికి దాదాపు వేయి సంవత్సరాలు గడిచాయి. ఈ వేయి సంవత్సరాలలో సూర్యుడు తన ప్రదక్షిణలో నడిచినది రెండు లక్షల ముప్పై వేల భాగాలలో ఒక భాగం మాత్రమే. నన్నయ చూచిన పాలపుంతనే మనమూ చూస్తున్నాము. ఏ మనిషీ, ఏ రాజవంశమూ, ఏ నాగరికతా దానిలోని మార్పును కంటితో చూడలేదు. మరి అది మారుతున్నదని చెప్పడం ఎలా సాధ్యమైంది?

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిదానిని 1789లోనే విలియం హెర్షెల్ సూచించారు. ఆయన ఆకాశాన్ని ఒక తోటతో పోల్చారు. మామిడితోటలోకి ఒక్క పూట వెళ్లినవాడు ఏ చెట్టూ పెరగడం చూడలేడు. అయినా అక్కడ మొలకలు ఉంటాయి, పూత మీద ఉన్న చెట్లు ఉంటాయి, కాపు ఉడిగిన ముసలి చెట్లు ఉంటాయి, ఎండిన మోడులు ఉంటాయి. వాటిని వరుసలో పెట్టి చూస్తే ఒక చెట్టు బ్రతుకంతా బోధపడుతుంది. రెండవ మార్గం కాంతి మనకు ఇచ్చిన వరం. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణించినా, దూరాలు మహత్తరమైనవి కనుక మనను చేరేసరికి ఆలస్యమవుతుంది. దేవయాని అని మనం పిలుచుకొనే ఆండ్రోమీడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మన కంటిని తాకే దాని వెలుగు 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరినది. ఎంత దూరం చూస్తే అంత గతాన్ని చూస్తున్నామన్నమాట. చరిత్రకారునికి శాసనాలు, నాణేలు దొరికితే చాలు. ఖగోళ శాస్త్రజ్ఞునికి గతకాలమే ప్రత్యక్షంగా దొరుకుతుంది.

అయితే పాలపుంతకు వెలుపల మరికొన్ని పాలపుంతలు ఉన్నాయన్న సంగతే నూరేళ్ల క్రితం దాకా నిర్ధారణ కాలేదు. ఆండ్రోమీడాను ఒక నీహారికగా, అనగా మన పాలపుంతలోనే ఉన్న వాయుమేఘంగా చాలామంది భావించారు. కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుందనీ, ఆ ఆవర్తన కాలాన్ని బట్టి వాటి అసలు ప్రకాశాన్ని లెక్కకట్టవచ్చుననీ 1912లో హెన్రియెట్టా లీవిట్ చూపించారు. ఆ సూత్రమే 1923లో ఎడ్విన్ హబుల్ చేతికి కొలబద్దగా దొరికింది. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీది వంద అంగుళాల దూరదర్శినితో ఆయన ఆండ్రోమీడాలో అటువంటి నక్షత్రాన్ని గుర్తించి, అది మన పాలపుంత పొలిమేరలకు ఎంతో ఆవల ఉన్నదని నిరూపించారు. తరువాత గెలాక్సీలను ఆకారాన్ని బట్టి వర్గీకరించారు. కోడిగుడ్డువలె నునుపుగా ఉండి ఎర్రని కాంతి వెదజల్లేవి దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. సుడులు తిరిగిన చేతులతో నీలికాంతి చిమ్మేవి సర్పిల గెలాక్సీలు. ఈ రెండు తెగలకూ చెందనివి క్రమరహితాలు.

ఇక్కడ శాస్త్రజ్ఞులు ఒక విశ్వాసానికి లోనయ్యారు. దీర్ఘవృత్తాకార గెలాక్సీలలో కొత్త నక్షత్రాలు పుట్టడం లేదు. అవి స్థిరంగా, ప్రశాంతంగా ఉన్నాయి. కాబట్టి వాటిలో పెద్దవాటిని సమాన ప్రకాశం గల దీపాలుగా తీసుకొంటే, మసకగా కనిపించే దీపం దూరంగా ఉన్నదని చెప్పవచ్చు. ఆ లెక్కతో విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తున్నదో, ఎప్పటికైనా ఆగి వెనుకకు ముడుచుకుంటుందో లేదో తేల్చవచ్చు. హబుల్ తరువాత ఆ పనిని కొనసాగించిన అలన్ శాండేజ్ వంటి మహాపండితులు ఏండ్ల తరబడి చేసిన శ్రమ ఈ పద్ధతిపైనే ఆధారపడింది.

దీపంలో నూనె తరిగిపోతుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నను అంకెలతో అడిగినవారు బియాట్రిస్ టిన్‌స్లే. ఆమె 1941లో ఇంగ్లండులో జన్మించి, న్యూజిలాండులో పెరిగారు. భర్త ఉద్యోగరీత్యా 1963లో అమెరికాలోని డాలస్ నగరానికి వచ్చారు. అక్కడ ఆమె చదువుకు తగిన స్థానం దొరకలేదు. సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, వచ్చిపోతూ చదివి, 1967లో డాక్టరేట్ పట్టా అందుకొన్నారు. ఆమె పరిశోధనాంశం గెలాక్సీల పరిణామం.

ఆమె చేసిన పని చెప్పడానికి సులువు, చేయడానికి దుష్కరం. గెలాక్సీ అంటే నక్షత్రాల జనాభా. ఊరి జనాభాకు జనన మరణాల లెక్క ఉన్నట్లే దీనికీ ఉండాలి. ఒక కాలంలో ఎంత బరువు గల నక్షత్రాలు ఎన్ని పుడతాయి? ఏ బరువు గలది ఎంతకాలం జీవిస్తుంది? వయస్సుతో పాటు దాని రంగు, వెలుగు ఎలా మారతాయి? చచ్చేటప్పుడు ఎంత వాయువును తిరిగి విడుస్తుంది? వీటన్నిటినీ కలిపి, ఆనాటి నిదానమైన కంప్యూటర్ల సాయంతో, గెలాక్సీ వెలుగు కోట్ల సంవత్సరాలలో ఎలా మారుతుందో ఆమె గణించారు. అందువల్ల తేలిన విషయం స్పష్టం: కొత్త నక్షత్రాలు పుట్టని గెలాక్సీ కూడా మారుతుంది. అందులోని బరువైన నక్షత్రాలు ముందుగా, తేలికైనవి తరువాత ఆరిపోతూ ఉంటాయి కనుక దాని కాంతి క్రమంగా తగ్గుతుంది. అంటే దూరాన ఉన్న గెలాక్సీ, మనం దాని యౌవనాన్ని చూస్తున్నాము కనుక, దగ్గర ఉన్నదానికంటే సహజంగానే ప్రకాశవంతమైనది. దీపాలు సమానమైనవి కావు. ఈ తేడా స్వల్పమైనదైతే సర్దుకోవచ్చు. కాని విశ్వం భవిష్యత్తును గురించిన సమాధానాన్నే తారుమారు చేసేటంత పెద్దదని ఆమె లెక్క చెప్పింది.

పేరుప్రతిష్ఠలు గలవారి కొలబద్ద వంకరగా ఉన్నదని, స్థిరమైన ఉద్యోగం కూడా లేని ఒక యువతి చెప్పడం సులభంగా మింగుడుపడే విషయం కాదు. వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. దత్తత తీసుకొన్న ఇద్దరు పిల్లల పెంపకం, ఇంటి బాధ్యతలు, తాత్కాలిక పదవుల నడుమ ఆమె పరిశోధన కొనసాగించారు. 1974లో మరి ముగ్గురు శాస్త్రజ్ఞులతో కలిసి, విశ్వం వెనుకకు ముడుచుకోదని, విస్తరిస్తూనే ఉంటుందని వాదించే ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రకటించారు. ఆ ఏడాదే కుటుంబాన్ని విడిచి బయలుదేరడమనే కఠిన నిర్ణయం తీసుకొన్నారు. 1975లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1978లో అక్కడ ఖగోళశాస్త్రంలో ఆచార్య పదవి పొందిన తొలి మహిళ అయ్యారు. ఆ సంవత్సరమే చర్మ క్యాన్సర్ బయటపడింది. 1981 మార్చిలో, నలభై ఏండ్ల వయస్సులో మరణించారు. చివరి రోజుల దాకా ఆమె వ్యాసాలు వ్రాస్తూనే ఉన్నారు. గెలాక్సీలు కాలంతో మారతాయన్న మాటను నేడు ఎవరూ ప్రశ్నించరు. ఆమె గణన పద్ధతి ఎంతగా వాడుకలో కలిసిపోయిందంటే, దానిని వాడేవారిలో చాలామందికి ఆమె పేరు తట్టదు.

ఇక ఆ జనాభా లెక్కలోని అసలు సంగతికి వద్దాము. నక్షత్రం వాయువు నుంచి పుడుతుంది. గెలాక్సీలో నక్షత్రాల నడుమ విస్తరించిన చల్లని మేఘాలలో అధికభాగం హైడ్రోజన్. నక్షత్రాలు కూడా ముఖ్యంగా హైడ్రోజన్‌తోనే నిండి ఉన్నాయని 1925లో సిసిలియా పెయిన్ కనుగొన్నారు. అందుకు ఆమెకు ఆధారమైనది మన మేఘనాథ్ సాహా 1920లో ప్రకటించిన అయనీకరణ సమీకరణం. ఆ ఫలితం నమ్మదగినది కాదని ఆనాటి పెద్దలు ఆమె చేతనే వ్రాయించడం, కొన్నేండ్లకు వారే దానిని అంగీకరించడం మరొక కథ.

మేఘం తన గురుత్వాకర్షణ వల్ల ముడుచుకొని, లోపల వేడెక్కి, కేంద్రక సంలీనం మొదలైనప్పుడు నక్షత్రం వెలుగుతుంది. హైడ్రోజన్ హీలియంగా మారుతుంది. నక్షత్రం బరువైనదైతే ఇంధనం ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎక్కువకాలం బ్రతుకుతుందని అనిపించవచ్చు. జరిగేది దీనికి విరుద్ధం. సంపన్నుని దుబారా కొడుకువలె బరువైన నక్షత్రం తన ఆస్తిని ఇట్టే కరిగించుకుంటుంది. సూర్యునికి ఇరవై రెట్ల బరువున్నది సుమారు కోటి సంవత్సరాలకే పేలిపోతుంది. సూర్యుని ఆయుర్దాయం దాదాపు వెయ్యి కోట్ల సంవత్సరాలు. అందులో 460 కోట్లు గడిచాయి. సూర్యునిలో సగం బరువున్నవి విశ్వం వయస్సయిన 1,380 కోట్ల సంవత్సరాలకంటే కూడా ఎక్కువకాలం వెలుగుతాయి. బరువైనవి నీలంగా, తేలికైనవి ఎర్రగా ఉంటాయి. కాబట్టి నీలంగా ఉన్న గెలాక్సీలో నిన్నమొన్న కూడా నక్షత్రాలు పుట్టాయని, ఎర్రగా ఉన్నదానిలో పురుడు పోయడం ఎప్పుడో ఆగిపోయిందని రంగును చూచి చెప్పవచ్చు.

నక్షత్రం ఊరికే చావదు. తీసుకొన్న వాయువులో కొంత తిరిగి ఇచ్చిపోతుంది. సూర్యుడు సైతం వృద్ధాప్యంలో ఉబ్బి, తన పదార్థంలో దాదాపు సగాన్ని అంతరిక్షంలోకి విడిచిపెడతాడు. బరువైన నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలి ఆక్సిజన్, సిలికాన్, ఇనుము వంటి మూలకాలను వెదజల్లుతాయి. నక్షత్ర గర్భాలలో ఈ మూలకాలు ఏ విధంగా వండబడతాయో 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ అనే నలుగురు కలిసి వ్రాసిన సుదీర్ఘ వ్యాసం వివరించింది. తరువాతి తరం నక్షత్రాలు ఈ బూడిద కలిసిన వాయువు నుంచి పుడతాయి. అందువల్ల నక్షత్రంలో ఇనుము పాలు ఎంత తక్కువగా ఉంటే అది సాధారణంగా అంత పాతతరానికి చెందినది.

తరాల ఈ తేడా మొదట బయటపడిన తీరు వినదగినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మౌంట్ విల్సన్ శాస్త్రజ్ఞులు చాలామంది యుద్ధ పరిశోధనలకు వెళ్లారు. వాల్టర్ బాడే జర్మనీ దేశీయుడు. శత్రుదేశస్థుడన్న కారణంగా ఆయనను ఆ పనులకు తీసుకోలేదు. శత్రువిమానాల భయంతో దిగువనున్న లాస్ ఏంజిలిస్ నగరం దీపాలు ఆర్పుకొన్న రాత్రులలో, ఆ పెద్ద దూరదర్శిని ఆయన పాలైంది. ఆ చీకటిలో ఆండ్రోమీడా నడిబొడ్డునున్న నక్షత్రాలను ఆయన విడివిడిగా చూడగలిగారు. అక్కడ ముదురు ఎరుపు తారలు, అంచుల చేతులలో నీలి తారలు కనిపించాయి. గెలాక్సీలో రెండు వేర్వేరు జనాభాలు ఉన్నాయని 1944లో ఆయన ప్రకటించారు. నగరం భయంతో కమ్ముకొన్న చీకటి శాస్త్రానికి వెలుగైంది.

పుట్టుకకు వాయువు కావాలి, చావు కొంత వాయువునే తిరిగి ఇస్తుంది. కాబట్టి గెలాక్సీ భవిష్యత్తంతా దాని వాయువు ఖాతాలో ఉంది. దీనిని మన చెరువుతో పోల్చి చూడవచ్చు. చెరువులోకి వాగులు నీరు తెస్తాయి. తూము గుండా పొలాలకు పారుతుంది. నిండితే అలుగు పొర్లి పోతుంది. పొలం నుంచి ఊరిన నీరు కొంత దిగువ చెరువుకు చేరుతుంది. చెరువులో ఈనాడు ఎంత నీరు ఉందన్నది మాత్రమే తెలిస్తే చాలదు. వాగు పారుతున్నదా లేదా అన్నది తెలియాలి. మన పాలపుంతలో ఏటా సుమారు రెండు సూర్యుల బరువు గల వాయువు కొత్త నక్షత్రాలుగా మారుతున్నది. నక్షత్ర జననానికి సిద్ధంగా ఉన్న దట్టమైన మేఘాలలోని వాయువు దాదాపు నూరు కోట్ల సూర్యుల బరువు ఉంటుంది. భాగించి చూడండి: యాభై కోట్ల సంవత్సరాలకు చెరువు ఎండిపోవాలి. కాని పాలపుంత వెయ్యి కోట్ల సంవత్సరాలకు పైగా నక్షత్రాలను కంటూనే ఉంది. పలుచని వాయువు చల్లబడి మేఘాలుగా చేరడం ఒక కారణం. అంతకంటే ముఖ్యంగా, గెలాక్సీల మధ్యనున్న శూన్యం నుంచి కొత్త వాయువు వచ్చి పడుతూ ఉండాలి. అటువంటి రాకపోకలకు ఒక తార్కాణం 1963లో గుర్తించిన స్మిత్ మేఘం. అది మన పాలపుంత పళ్లెం వైపు దూసుకొని వస్తున్నది. సుమారు మూడు కోట్ల సంవత్సరాలలో వచ్చి తగులుతుంది.

విశ్వమంతటి చెరువుల పరిస్థితి ఏమిటి? 1995 డిసెంబరులో హబుల్ అంతరిక్ష దూరదర్శినిని, ఖాళీగా కనిపించే చిన్న ఆకాశభాగం వైపు పదిరోజుల పాటు గురిపెట్టారు. అందులో సుమారు 3,000 గెలాక్సీలు కనిపించాయి. అటువంటి పరిశీలనలన్నిటినీ కూడితే ఒక చరిత్ర తేలింది. విశ్వంలో నక్షత్ర జననం సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం పరాకాష్ఠకు చేరి, అప్పటి నుంచి తగ్గుతూ వచ్చింది. ఆనాటితో పోలిస్తే నేటి జననాల రేటు దాదాపు పదవ వంతు. విశ్వానికి మధ్యాహ్నం దాటి చాలాకాలమైంది. ఎందుకు? నక్షత్రాల వెలుగు కంటికి కనిపిస్తుంది గాని, వాటికి ముడిసరుకైన చల్లని హైడ్రోజన్ కనిపించదు. ఆ వాయువు లెక్క తేలనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు.

చల్లని హైడ్రోజన్ పరమాణువు అరుదుగా, సగటున కోటి సంవత్సరాలకు పైగా గడిస్తే ఒక్కసారి, 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న హాలండులో 1944లో వాన్ డె హుల్స్ట్ అనే యువకుడు దీనిని ఊహించారు. 1951లో అమెరికాలో యూయెన్, పర్సెల్ దానిని పట్టుకొన్నారు. ఒక్కొక్క పరమాణువు ఎంత మౌనంగా ఉన్నా, అసంఖ్యాకంగా ఉండడం వల్ల మన పాలపుంత మేఘాలు వినిపించాయి. దూరపు గెలాక్సీల విషయంలో మాత్రం ఈ ధ్వని మరీ క్షీణం.

ఈ పనిలో భారతదేశం వంతు గణనీయమైనది. పుణె నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌గావ్ దగ్గరి ఖోడద్ గ్రామ పరిసరాలలో, గోవింద్ స్వరూప్ నాయకత్వంలో నిర్మించిన జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు ఉంది. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల ముప్పై పళ్లేలు 25 కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నాయి. తక్కువ ఖర్చుతో పెద్ద పళ్లేలను కట్టడానికి, నిండు రేకులకు బదులు సన్నని ఉక్కు తీగల వలను వాడడం ఆయన తెలివి. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సీం కనేకర్, జయరాం చెంగలూర్ మొదలైన భారతీయ శాస్త్రజ్ఞులు నవీకరించిన ఈ యంత్రంతో 800 కోట్ల సంవత్సరాల క్రితపు గెలాక్సీలలోని హైడ్రోజన్‌ను కొలిచారు. ఆనాడు 21 సెంటీమీటర్లతో బయలుదేరిన తరంగం, విశ్వం విస్తరించడం వల్ల సాగి సాగి, మనను చేరేసరికి దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కొక్క గెలాక్సీ గొంతు విడిగా వినబడదు. కాని తిరునాళ్లలో ఒక్కని మాట దూరానికి వినిపించకపోయినా జనసమూహపు కోలాహలం పొరుగూరికి వినిపిస్తుంది గదా! వారు 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి, సగటు హైడ్రోజన్‌ను తేల్చారు.

ఫలితం ఆలోచింపజేసేది. ఆనాటి గెలాక్సీలలో వాయువు పుష్కలంగా ఉంది. కాని అవి నక్షత్రాలను కనే వేగంతో లెక్కిస్తే ఆ నిల్వ నూరు నుంచి రెండు వందల కోట్ల సంవత్సరాలకు మించి సరిపోదు. వాగు పారినంతకాలం పంట పండింది. వాగు సన్నబడగానే, ఖర్చు వేగానికి తగినట్లు వాయువు వచ్చి చేరకపోవడంతో, జననాలు తగ్గుముఖం పట్టాయి. విశ్వపు మధ్యాహ్నం వాలిపోవడానికి వాయువు కరవే కారణమని ఆ శాస్త్రజ్ఞులు సూచించారు.

కొన్ని గెలాక్సీలలో వాగు సన్నబడడం కాదు, ఎవరో కట్టకు గండికొట్టినట్లు ఉంటుంది. కన్యారాశిలో సుమారు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా గెలాక్సీలు గుంపుగా ఉన్నాయి. అటువంటి గుంపులోకి వేగంగా దూసుకుపోయే గెలాక్సీ వాయువును అక్కడి వేడి వాయువు ఎదురుగాలివలె ఊడ్చివేస్తుంది. పెద్ద గెలాక్సీల కేంద్రాలలోని కృష్ణబిలాలు మరొక కారణం. 2019లో మానవాళి తొలిసారి ఛాయాచిత్రంలో చూచిన కృష్ణబిలం ఈ గుంపులోని ఎమ్87 గెలాక్సీది. దాని బరువు 650 కోట్ల సూర్యులు. ఇటువంటి బిలాలలో పడబోయే పదార్థం విడుదల చేసే శక్తి చుట్టూ ఉన్న వాయువును చల్లారనివ్వదు. చల్లారని వాయువు నక్షత్రం కాజాలదు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేర వెలసిన చంద్ర ఎక్స్‌రే దూరదర్శిని పర్సియస్ గుంపులోని వేడి వాయువులో కృష్ణబిలం ఊదిన పెద్ద బుడగలను చూపించింది.

గెలాక్సీలు ఒంటరిగా పెరగవు. 2013లో ప్రయోగించిన గాయా ఉపగ్రహం నూరు కోట్లకు పైగా నక్షత్రాల స్థానాలను, గమనాలను నమోదు చేసి 2025లో విశ్రమించింది. 2018లో దాని పట్టికలను పరిశీలిస్తుండగా, మిగిలినవాటి ప్రవాహానికి భిన్నంగా, సాగదీసిన కక్ష్యలలో తిరిగే నక్షత్రాల జట్టు ఒకటి బయటపడింది. దాదాపు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం మన పాలపుంత మరొక గెలాక్సీని కలుపుకొన్నదని, ఈ నక్షత్రాలు ఆ ఇంటివని అమీనా హెల్మీ బృందము, మరొక బృందమూ వేర్వేరుగా తేల్చాయి. మెట్టినింటికి వచ్చి ఇన్ని కోట్ల ఏండ్లయినా పుట్టింటి నడక పోలేదన్నమాట! ఇటువంటి కలయికలలో నక్షత్రాలు ఒకదానినొకటి ఢీకొనడం బహు అరుదు. వాటి మధ్య దూరాలు అంతటివి. ఢీకొనేవి వాయుమేఘాలు. అప్పుడు కొత్త నక్షత్రాలు జాతరగా పుడతాయి.

ఆండ్రోమీడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తున్నది. ఈ రెండూ సుమారు 400 కోట్ల సంవత్సరాలలో తప్పక ఢీకొంటాయని 2012లో లెక్కకట్టారు. పాఠ్యపుస్తకాలలో కూడా ఆ మాట స్థిరపడింది. కాని 2025లో, పరిసరాలలోని చిన్న గెలాక్సీల ఆకర్షణను కూడా కలిపి తిరిగి గణించినవారు, రాబోయే వెయ్యి కోట్ల సంవత్సరాలలో ఆ కలయిక జరిగే అవకాశం సగానికి సగం మాత్రమేనన్నారు. శాస్త్రంలో స్థిరపడిన మాట కూడా కొత్త కొలతకు తలవంచుతుందనడానికి ఇది దగ్గరి ఉదాహరణ.

2021 డిసెంబరులో ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని కథ తొలి పుటలను తిరగవేస్తున్నది. పుణెలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రానికి చెందిన రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ దాని చిత్రాలలో ఒక చక్కని సర్పిల గెలాక్సీని గుర్తించి, దానికి అలకనంద అని పేరు పెట్టారు. 2025లో ప్రకటించిన ఈ గెలాక్సీ, విశ్వం వయస్సు 150 కోట్ల సంవత్సరాలుగా ఉన్ననాటిది. పళ్లెంగా కుదురుకొని, రెండు చేతులతో సుడి తిరగడానికి అంతకంటే చాలాకాలం పడుతుందని అనుకొనేవారు. అంతకుముందు 2024లో ప్రకటించిన మరొక గెలాక్సీ విశ్వం ముప్పై కోట్ల సంవత్సరాలు నిండక ముందటిది. దానిలో ఆక్సిజన్ జాడ ఉన్నదని 2025లో చిలీ దేశపు ఎడారిలోని రేడియో దూరదర్శినులు తేల్చాయి. ఆక్సిజన్ ఉన్నదంటే అక్కడ నక్షత్రాలు పుట్టడమే కాదు, కొన్ని అప్పటికే జీవించి, పేలి, తమ బూడిదను వెదజల్లాయన్నమాట. అంత తొందరగా అంత పని ఎలా జరిగిందో వివరించడానికి, టిన్‌స్లే మొదలుపెట్టిన జనన మరణాల పట్టికలను శాస్త్రజ్ఞులు మళ్లీ తెరిచి లెక్కవేస్తున్నారు.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. దీర్ఘవృత్తాకార గెలాక్సీలను సమాన దీపాలుగా ఎంచడంలో గల లోపాన్ని బియాట్రిస్ టిన్‌స్లే ఎలా వెల్లడించారు?
2. గెలాక్సీని చెరువుతో పోల్చిన తీరును వివరించి, ఆ పోలిక ఎంతవరకు సరిపోతుందో మీ అభిప్రాయాన్ని తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ‘ఎంత దూరం చూస్తే అంత గతాన్ని చూస్తున్నాము’ – సందర్భాన్ని వివరించండి.
2. యుద్ధకాలపు చీకటి వాల్టర్ బాడేకు ఏ విధంగా ఉపకరించింది?
3. ఖోడద్ రేడియో దూరదర్శినితో 2020లో ఏమి కొలిచారు?

ఇ. పుంత, అలుగు, తూము, గండి – ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి. మీ ప్రాంతంలో వీటికి వేరే పేర్లు ఉంటే పెద్దలనడిగి వ్రాయండి.